ఉసిరిలోవ కుక్కలకు దిక్కైన కన్నెమ్మ

ఊ కొట్టగలిగినవాళ్లు ఊ కొట్టండి, లేనివాళ్లు తలైనా ఊపండి. ఇది మా తాతలకు వాళ్ల తాతలు చెప్పిన మాట. కొండల మీద అడవి ఇప్పటికన్నా చిక్కగా, ఊళ్ల మధ్య దారులు ఇప్పటికన్నా సన్నగా ఉన్న నాటి మాట.

ఆ రోజుల్లో రెండు కొండల నడుమ ఉసిరిలోవ అని ఒక ఊరు. ఊరికి మూడే వీధులు. ఒకటి నేతగాళ్ల వీధి. ఒకటి కుమ్మరి వీధి. ఒకటి అంగడి వీధి. మూడు వీధులూ దాటితే గెడ్డ. గెడ్డంటే మా వైపు కొండవాగు. ఆ గెడ్డ ఒడ్డున ఒంటి పాక. ఆ పాకలో కన్నెమ్మ ఉండేది.

కన్నెమ్మ మేదరామె. వెదురు నరికేది, బద్దలు చీల్చేది, బుట్టలూ చేటలూ గంపలూ అల్లేది. మొగుడు పోయి ఏళ్లయింది. పిల్లల్లేరు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కానీ ఒక మాట అన్నదంటే దాని మీదే నిలబడేది.

ఊళ్లో వీధికుక్కలు ముప్పైకి పైనే. అవి ఎవరివీ కావు. ఎవరైనా వేస్తే తినేవి, వేయకపోతే పస్తుండేవి. కన్నెమ్మ మాత్రం పొద్దున్నే ఓ ముంత గంజి మిగిల్చి గెడ్డ ఒడ్డున రాతిగుంటలో పోసేది. తాగే కుక్కలు తాగేవి. ఆమె అల్లుకుంటూ వాటిని చూస్తూ ఉండేది. ఏది కుంటుతోంది, ఏది చూలుతో ఉంది, ఏది తిండి మానేసింది, అన్నీ ఆమెకు తెలుసు.

అంగడి వీధి చివర తలారి జోగులు ఇల్లు. ఊరికి చాటింపు వేసేదీ అతనే, కాపలా కాసేదీ అతనే. జోగులుకు ముగ్గురు పిల్లలు పుట్టి ముగ్గురూ దక్కలేదు. నాలుగోసారి ఆడపిల్ల. ఈ పిల్లైనా నిలవాలని పుట్టగానే చేటలో వేసి, మంత్రసానికి ఇచ్చేసి, గుప్పెడు తవుడు పోసి మళ్లీ తెచ్చుకున్నారు. అందుకే తవిటమ్మ అని పేరు పెట్టారు. ఏడేళ్లు వచ్చాయి తవిటమ్మకు.

ఒకనాడు అంగడి వీధి కుక్క ఒకటి తవిటమ్మ పిక్క పట్టుకుంది. ఆకు పసరు కట్టారు. మంత్రం వేయించారు. పుండు మానింది. మానింది కదా అనుకున్నారు. ఇరవై రోజులు దాటాక పిల్ల నీళ్లు చూసి వణికింది. గాలి తగిలినా అరిచింది. మూడు రోజులు తండ్రి చెయ్యి పట్టుకునే ఉంది. నాలుగో రోజు ఆ చెయ్యి వదిలేసింది.

ఊరంతా ఏడ్చింది. ఆ ఊళ్లను ఏలే కొండ మీది దొరకు కబురు వెళ్లింది. దొర ఒకటే మాట చెప్పి పంపాడు.

"ఊళ్లో ఒక్క కుక్క ఉండకూడదు."

ఆ మాట చాటింపు వేసినవాడు జోగులు. దుడ్డుకర్ర పట్టినవాడూ జోగులే. పొద్దున బయలుదేరేవాడు, పొద్దు వాలేదాకా తిరిగేవాడు. చేతిలో చిన్న ముద్ద పెట్టుకుని "చూ, చూ" అని పిలిచేవాడు. తోక ఆడిస్తూ వచ్చేవి. వచ్చినదాన్ని వచ్చినట్టు కొట్టేవాడు. అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు. కూతురు పోయిన తండ్రిని ఎవరు మాత్రం ఏమంటారు?

ఇరవై కుక్కలు పోయాయి. మిగిలినవి గెడ్డ దాటి కన్నెమ్మ పాక వెనక నక్కాయి.

కన్నెమ్మ అల్లుతున్న బుట్ట పక్కన పెట్టింది. కొండెక్కి దొర దగ్గరికి వెళ్లింది.

"దొరా, కుక్కల్ని సంపకు. అన్నీ పిచ్చివి కావు."

దొర తమలపాకు ఈనె తీస్తూ అడిగాడు. "ఆ కుక్కలు ఎవరివి?"

కన్నెమ్మ ఆలోచించింది. అబద్ధం ఆడటం ఆమెకు రాదు. "ఎవరివీ కావు దొరా."

"ఎవరివీ కానివాటి కోసం నా దగ్గరికి ఎందుకొచ్చావు? వెళ్లు."

వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ కొండెక్కింది.

"దొరా, ఆ కుక్కలు నావి."

దొర నవ్వాడు. "అన్నీ నీవే? రేపు వాటిలో ఒకటి బిడ్డను కరిస్తే దిక్కెవరు?"

"నానున్నాను."

"నువ్వుంటావు సరే. ఒంటిదానివి, ముసలిదానివి. ఎల్లుండి నువ్వు పోతే? అప్పుడు దిక్కెవరు?"

కన్నెమ్మ తల వంచుకుని దిగి వచ్చింది. కానీ దిగేటప్పుడు దారి పొడుగునా ఆ ప్రశ్ననే నములుతూ వచ్చింది. దొర కోపంగా అన్నా మాట మాత్రం తప్పుగా అనలేదు అనుకుంది.

ఇలా ఉండగా గెడ్డ పక్క తుప్పల్లో ఇంకో కుక్క తిరుగుతోందని పశువులు కాసేవాళ్లు చెప్పారు. ఎర్రది. దవడ వేలాడుతోంది. చొంగ కారుతోంది. పిలిస్తే చూడదు, అదిలిస్తే ఆగదు. తిన్నగా పోతూనే ఉంటుంది. ఒక లేగదూడను అప్పటికే కరిచింది.

ఊరి జనం తలుపులు బిగించుకున్నారు. జోగులు మాత్రం కర్ర పట్టుకుని కన్నెమ్మ పాకకు వచ్చాడు. అక్కడ పది కుక్కలు ఉన్నాయని అతనికి తెలిసిపోయింది.

కన్నెమ్మ గుమ్మంలో నిలబడింది.

"తప్పుకో అప్పా." అప్పంటే మా వైపు అక్క.

"తప్పుకోను తమ్ముడా."

"నా గుంట, నా తవిటమ్మ సచ్చిపోనాది. నీకు బిడ్డల్నేరు, నీకు తెల్దు."

ఆ మాట కన్నెమ్మకు గుచ్చుకుంది. గుచ్చుకున్నా కదల్లేదు.

"నిజమే, నాకు తెల్దు. నాకు తెలిసిందొకటి సెప్తాను, ఇను. నీ గుంటని కరిసిన కుక్క ఎప్పుడో సచ్చిపోనాది. ఆ రోగం వచ్చినది పది రోజులు బతకదు. ఇప్పుడు తుప్పల్లో తిరుగుతున్నది ఇంకోటి. నువ్వు ఇరవై కుక్కల్ని కొట్టావు. అన్నీ నువ్వు పిలిస్తే వచ్చినవే. పిలిస్తే వచ్చేది పిచ్చిది కాదు తమ్ముడా. పిలిస్తే రానిది అక్కడుంది. దాని దగ్గరికి ఎవలు ఎల్తారు?"

జోగులు తుప్పల వైపు చూశాడు.

"నాను ఎల్తాను" అంది కన్నెమ్మ. "నా కత్తి ఇలా తే."

ఆ రోజే వెదురు చీల్చి పెద్ద గంప అల్లింది, కోళ్లను కప్పెట్టే గంపలాంటిది. మర్నాడు తుప్పల్లోకి తీసుకెళ్లింది. ఎర్రకుక్క వచ్చింది. కన్నెమ్మ దాని మీద గంప వేసింది. గంప పలచన. కుక్క తోసుకుని పోయింది.

రెండో గంప అల్లింది. ఈసారి లావు బద్దలతో, రెండు వరసలు. అది ఎంత బరువంటే ఎత్తేలోపు కుక్క దాటిపోయింది.

మూడో గంప అల్లింది. అంచుకు లావు బద్ద, నడుముకు సన్న బద్ద, పైన పట్టుకోవడానికి రెండు పట్లు. చేతులు కోసుకుపోయాయి. గుడ్డపేలికలు చుట్టుకుని అల్లింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. వెనక్కి చూస్తే జోగులు వస్తున్నాడు. చేతిలో దుడ్డుకర్ర ఉంది.

ఎర్రకుక్క తుప్పలోంచి తూలుతూ వచ్చింది. కన్నెమ్మ ఎదురెళ్లి గంప మూసింది. మూసి, దాని మీద పడి తన బరువంతా వేసింది. లోపల కుక్క గింజుకుంది. ఒక పక్క బద్ద విరిగింది. ఆ సందులోంచి దాని పళ్లు కన్నెమ్మ మోచేతి కింద దిగాయి. కన్నెమ్మ లేవలేదు. లేస్తే అది ఊళ్లోకి పోతుంది.

"కొట్టు తమ్ముడా!"

జోగులు కొట్టాడు. గంప కదలడం ఆగింది.

అప్పుడు చూశాడు ఆమె చేతిని. "అప్పా, కరిసిందా?"

"గీరుకుపోనాది."

"అప్పా. కరిసిందా?"

"ఆఁ. కరిసింది."

జోగులు ఆ చేతిని గెడ్డ నీళ్లలో పెట్టి కడిగాడు. ఎంతసేపు కడిగాడో అతనికే తెలియదు. తవిటమ్మకు ఎన్ని రోజులు పట్టిందో ఇద్దరికీ తెలుసు.

తడి చేతికి గుడ్డ కట్టుకుని కన్నెమ్మ అటు నుంచి అటే మూడోసారి కొండెక్కింది.

"దొరా, పిచ్చికుక్క సచ్చింది. మిగతావి మంచివి. నువ్వు మొన్న ఒక మాట అడిగావు. నాను పోతే దిక్కెవరని. ఆ మాటకి జవాబు తెస్తాను. గడువియ్యి."

దొర ఆమె చేతి గుడ్డ మీది నెత్తురు చూశాడు. ఈసారి నవ్వలేదు.

"మూడు వీధులున్నాయి కదా. వీధికో మనిషి నిలబడాలి. ఈ వీధి కుక్కలకు నేను దిక్కు అని నలుగురిలో చెప్పాలి. ఏది జబ్బు పడిందో కనిపెట్టాలి. అది కరిస్తే వాళ్లే జవాబు చెప్పాలి. వచ్చే అమావాస్య దాకా గడువు. ఒక్క వీధికి మనిషి లేకపోయినా మొత్తం కుక్కలు పోతాయి."

"అలాగే దొరా" అని దిగి వచ్చింది.

మొదట నేతగాళ్ల వీధికి వెళ్లింది. అక్కడ ముసలి రామలింగం మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. "ఈ వీధి కుక్కలకు దిక్కెవరు మావా?" అని అడిగింది.

"పోవే. అవి నూలు తొక్కేస్తాయి" అన్నాడు రామలింగం.

"నూలు తొక్కేది కుక్క. నూలు కొరికేది ఏటి?"

గంజి పెట్టి ఆరేసిన పడుగు నూలును పందికొక్కులు కొరికేస్తున్నాయి. కుక్కలు పోయిన నాటి నుంచీ వరసగా మూడు పడుగులు పాడయ్యాయి. కన్నెమ్మ ఆ తెగిన పోగులు చేతిలోకి తీసుకుని చూపించింది. ముసలాయన వాటిని చూశాడు, ఆమె కట్టు చూశాడు.

"సర్లే. నానున్నాను" అన్నాడు.

తర్వాత కుమ్మరి వీధికి వెళ్లింది. అక్కడ ఆదెమ్మ కుండలు ఆరబెడుతోంది. చంకలో మనవడు. "ఈ వీధి కుక్కలకు దిక్కెవరు ఆదెమ్మా?"

"నాకు బయ్యం అప్పా. తవిటమ్మ సచ్చిన కాడి నుంచి కుక్క కనబడితే కాళ్లాడవు."

"నాకు బయ్యమున్న మనిషే కావాలి. బయ్యం లేనోలు కుక్క వేపు సూడరు. నువ్వు సూస్తావు."

కన్నెమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. తిండి మానితే చూడు. గొంతు మారితే చూడు. తెలిసిన మనిషిని తెలియనట్టు పోతుంటే చూడు. అప్పుడు పిల్లల్ని లోపలికి పిలువు, గంప కప్పెట్టు, నలుగుర్ని కేకెయ్యి. ఒక రోజు కాదు, ఎనిమిది రోజులు నేర్పింది. తొమ్మిదో రోజు ఆదెమ్మ ఒక మచ్చకుక్క ముందు గంజి ముంత పెట్టి, అది తాగుతుంటే మొదటిసారి దగ్గర నిలబడింది.

"నానున్నాను" అంది.

మిగిలింది అంగడి వీధి.

ఉప్పు అమ్మేవాడు "నా వల్ల కాదు" అన్నాడు. నూనె అమ్మేవాడు "పక్క కొట్టు అడుగు" అన్నాడు. పక్క కొట్టువాడు తలుపు వేశాడు. కన్నెమ్మ మర్నాడూ వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. "ఈ వీధి కుక్కలకు దిక్కెవరు?" అని వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా అడిగింది. జోగులు తన అరుగు మీద కూర్చుని వింటూనే ఉన్నాడు. ఆమె అతన్ని మాత్రం అడగలేదు. అడిగే మొహం తనకు లేదనుకుంది.

ఇక నాలుగు రోజుల్లో అమావాస్య. ఆ పొద్దున కన్నెమ్మ గంజి ముంత ఎత్తింది. కరిచిన చోట చెయ్యి జివ్వుజివ్వుమంది. ముంతలో గంజి కదులుతుంటే గొంతు బిగుసుకుంది.

ఆమె ముంత దించింది. జోగులును పిలిపించింది.

"తమ్ముడా, వచ్చీసింది. నాను లోపలికి పోతాను. బైట నుంచి గడియ పెట్టు. నాను ఎంత అరిసినా తియ్యకు. నా దగ్గరికి ఎవల్నీ రానియ్యకు. బైట గంజి ఉంది, కుక్కలకి పొయ్యి."

"అప్పా..."

"ఏడుపు తరవాత. ముందు గడియ."

జోగులు గడియ పెట్టాడు. గుమ్మం ముందే కూర్చున్నాడు. లోపల నుంచి అరుపు వచ్చింది. మధ్య మధ్యలో తెలివి వచ్చినప్పుడు ఆమె ఒకటే అడిగేది. "తమ్ముడా, అంగడి వీధి?"

జోగులు లేచి రాతిగుంటలో గంజి పోసేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం లోపల చప్పుడు ఆగింది. పది కుక్కలూ పాక చుట్టూ పడుకుని ఉన్నాయి. ఒక్కటీ మొరగలేదు.

కన్నెమ్మను గెడ్డ ఒడ్డునే మట్టి చేశారు. అంగడి వీధిలో అప్పుడే మాట మొదలైంది. "చూశారా? కుక్కలకు గంజి పోసిన చేతినే కుక్క కరిచి చంపింది. ఇంకా వాటినెందుకు ఉంచాలి?" ఆ మాట ఒక నోటి నుంచి మూడు నోళ్లకు, మూడు నోళ్ల నుంచి ఊరంతటికీ పాకింది.

అమావాస్య నాడు పొద్దున్నే దొర గుర్రం మీద దిగాడు. వెంట కర్రలు పట్టిన మనుషులు. ఊరి జనం వీధుల్లోకి వచ్చారు.

"నేతగాళ్ల వీధికి దిక్కెవరు?"

రామలింగం మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. "నానున్నాను."

"కుమ్మరి వీధికి దిక్కెవరు?"

ఆదెమ్మ మనవణ్ణి చంకన వేసుకుని ముందుకు వచ్చింది. "నానున్నాను."

"అంగడి వీధికి దిక్కెవరు?"

ఎవరూ పలకలేదు. దొర రెండోసారి అడిగాడు. ఎవరూ పలకలేదు. కర్రల మనుషులు ముందుకు అడుగేశారు. దొర మూడోసారి అడిగాడు.

"నానున్నాను."

జనం అటు తిరిగారు. జోగులు. అతని దుడ్డుకర్ర దొర గుర్రం ముందు మట్టిలో పడి ఉంది.

దొర నమ్మలేకపోయాడు. "జోగులూ, నీ బిడ్డను తిన్నది కుక్క కాదట్రా?"

"అవును దొరా, కుక్కే. మా వీధి కుక్కే. నా బిడ్డని కరవడానికి మూడు రోజుల ముందు నుంచి అది తిండి ముట్టనేదు. దాని దవడ ఏలబడిపోనాది. నాను సూశాను. ఉప్పు కొట్టాయన సూశాడు. నూనె కొట్టాయన సూశాడు. ఎవలిదో కుక్క కదా అని మేమందరం ఊరుకున్నాం." జోగులు కొట్ల వైపు చెయ్యి చూపించాడు. "అప్పుడు మా వీధికి ఒక్క మనిషి దిక్కుంటే నా గుంట బతికుండును. అది పోనాక ఇరవై కుక్కల్ని కొట్టాను. నా గుంట తిరిగి రానేదు. పిచ్చికుక్క కూడా ఆగనేదు. దాన్ని ఆపింది మేదర కన్నెమ్మ. మా వీధికి మనిషిని ఎతుకుతూ ఎతుకుతూ సచ్చిపోనాది ఆ అప్ప. నాను ఈ వీధికుంటాను. నాకు సేతనైనన్నాళ్లు నానుంటాను."

ఉప్పు అమ్మేవాడు తల దించుకున్నాడు. కాసేపటికి అతను కొట్టులోంచి ఓ పాత మూకుడు తెచ్చి జోగులు అరుగు కింద పెట్టాడు. కుక్కలు నీళ్లు తాగడానికి.

దొర కర్రలు దింపమన్నాడు. గుర్రం తిప్పుకుని వెళ్లిపోయాడు.

జోగులు చాలా ఏళ్లు బతికాడు. రోజూ వీధి పొడుగునా నడిచి ఒక్కో కుక్కనూ పేరు పెట్టి పిలిచేవాడు. ఒక ఎండాకాలం ఒక నల్లకుక్క నడక మారింది. జోగులు గంప కప్పెట్టి నలుగురిని కేకేశాడు. అది ఎవరినీ కరవకముందే గంప కిందే చచ్చింది. ఆ రోజు అతను కూతురు పేరు పెట్టి ఏడ్చాడని, ఆ పిల్ల పోయాక ఊరి ఎదుట ఏడవడం అదే మొదటిసారని చెబుతారు.

తరాలు మారాయి. ఇప్పుడు ఉసిరిలోవకు మూడు కాదు, పద్నాలుగు వీధులు. బస్సు వస్తుంది. అయినా ఏటా కోతలయ్యాక వచ్చే అమావాస్య పొద్దున ఊరంతా రోడ్డు మీద చేరుతుంది. సర్పంచి ఒక్కో వీధి పేరు చదివి "దిక్కెవరు?" అని అడుగుతాడు. వీధికో మనిషి "నానున్నాను" అనాలి. మా వైపు యాసలోనే అనాలి, చదువుకున్నవాళ్లైనా సరే. ఆ ఏడాదంతా ఆ వీధి కుక్కల మంచిచెడ్డలు ఆ మనిషివి.

పశువుల డాక్టరు సూదిమందు వేయడానికి వచ్చినప్పుడు ఆ పద్నాలుగు మందే కుక్కల్ని పట్టుకుని కూర్చుంటారు. బిడ్డను కుక్క గీరినా సరే, సబ్బుతో కడిగి ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళతారు. పుండు మానింది కదా అని ఇంట్లో ఉంచరు.

కుక్కల సంగతే కాదు. చెడిపోయిన బోరింగు ఉన్నా, ఒంటరిగా మంచం పట్టిన ముసలమ్మ ఉన్నా, "ఎవరిదో మనకెందుకు" అని ఎవరైనా అంటే ఉసిరిలోవలో పెద్దలు ఊరుకోరు. "కన్నెమ్మ ఇన్నాదంటే మళ్లీ గంప అల్లుతాది" అంటారు. ఆ మాటకు నవ్వుతారు. నవ్వుతూనే ఎవరో ఒకరు పంచె ఎగ్గట్టుకుని లేస్తారు.